ఇంట్లో కుక్క కంపు కొడుతుంటే కారణం ఎక్కడ వెతకాలి?



నర్సింగ్ విభాగం వారు కుక్కల గురించి రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఓ.పి.లో కూర్చున్నప్పుడు బి.పి. చూపించుకునే అమ్మలు "సిస్టరమ్మా, మా ఇంట్ల కుక్క గబ్బు కొడ్తాంది, ఏం మందు పెట్టాలె?" అని అడగడం మాకు అలవాటే. ఇన్నేళ్ళూ "పశువుల డాక్టరుకు చూపించండి" అని ఒక్క మాటతో పంపేవాళ్ళం. మొన్న వానాకాలంలో మా స్టాఫ్ క్వార్టర్స్‌లోనే జరిగిన ఒక సంగతి వల్ల ఆ ఒక్క మాట చాలదని తెలిసింది. అందుకే ఈసారి షుగరు, బి.పి. పక్కన పెట్టి ఇది రాస్తున్నాం.

మా క్వార్టర్స్‌లో రాణి అనే నాటు కుక్క ఉంది. ఆరేళ్ళ క్రితం వాన రాత్రి గేటు దగ్గర పిల్లగా దొరికింది. ఎవరిదీ కాదు, అందరిదీ. నైట్ డ్యూటీకి వెళ్ళే అమ్మాయిలను వార్డు మెట్ల దాకా దిగబెట్టి వస్తుంది. జులైలో దాని దగ్గర ఏదో వాసన మొదలైంది. వానకు తడిసిందిలే, ఎక్కడో చచ్చిన ఎలుక మీద దొర్లి వచ్చిందిలే అనుకొని స్నానం చేయించాం. రెండు రోజులు బాగానే ఉన్నట్టు అనిపించి మళ్ళీ మొదలైంది. మళ్ళీ స్నానం. ఈసారి మనుషులు వాడే మందు సబ్బు. మూడోసారి ఒకరు షాంపూ కొని తెచ్చారు, ఇంకొకరు పౌడరు చల్లారు. గుడ్లు పెట్టడం వల్లేనని ఒకరు, కడుపులో నులిపురుగులని మరొకరు అన్నారు. మూడు వారాల్లో నాలుగు స్నానాలయ్యాయి. చర్మం పొడిబారి పొట్టు రాలడం మొదలైంది కానీ కంపు మాత్రం పోలేదు. వరండాలో అది పడుకున్న చోట కూడా నిలబడలేకపోయాం.

ఇక్కడ మా తప్పు మేం ఒప్పుకోవాలి. వార్డులో ఏ రోగి దగ్గరైనా దుర్వాసన వస్తే మేం చేసే మొదటి పని కడగడం కాదు, వెతకడం. ఎక్కడి నుంచి వస్తోంది? కట్టు కిందనా, నోట్లోంచా, వీపు మీద పుండు లేచిందా, మూత్రం గొట్టం దగ్గరా? ఒక్కో వాసనకు ఒక్కో జాడ ఉంటుంది. షుగరు బాగా పెరిగి ప్రమాదంలో పడ్డ రోగి ఊపిరి మగ్గిన పండు వాసన వేస్తుంది. మూత్రపిండాలు పాడైన వారి నోరు మూత్రం వాసన వేస్తుంది. పచ్చని చీము వాసన వేరు, కుళ్ళిన మాంసం వాసన వేరు. కొత్త విద్యార్థినులకు మేమే ఇవి నేర్పిస్తాం. మా గుమ్మంలో ఉన్న కుక్క విషయంలో మాత్రం సబ్బు పట్టుకున్నాం.

ఈ మధ్యలో రాణి తిండి తగ్గించింది. అన్నం నోట్లోకి తీసుకొని కింద పడేస్తోంది. ముందు కాలితో మూతిని గీరుకుంటోంది. నోటి నుంచి సొంగ తీగలుగా కారుతోంది, నోరు పూర్తిగా మూయడం లేదు. మా నైట్ వాచ్‌మన్ తాతకు అదంటే ప్రాణం. ఒక రాత్రి టార్చి వేసి చూసి, "నోట్ల బొక్క ఇరికినట్టుంది" అనుకొని చెయ్యి లోపలికి పెట్టాడు. నొప్పికి అది తల విదిలించింది. వేళ్ళ మీద రెండు చోట్ల పళ్ళు గీరుకున్నాయి. పొద్దున డ్రెస్సింగ్ రూముకు వచ్చి, "ఏం కాలేదు సిస్టరమ్మా, కొంచెం గీసుకపోయింది, టింక్చరు పెట్టుండ్రి" అన్నాడు.

ఆ మాట వినగానే మా గుండె జారిపోయింది. ఎందుకో చెబుతాం.

సొంగ కారుతూ నోరు మూయలేని కుక్క

పిచ్చికుక్క అంటే అరుస్తూ, కనబడ్డ వారినల్లా కరుస్తూ పరిగెత్తేదని మనందరి మనసులో ఉంది. రేబిస్‌లో ఇంకో రకం ఉంది. అందులో కుక్క మూగగా, మెత్తగా ఒక మూలన పడి ఉంటుంది. దవడ కండరాలు, గొంతు చచ్చుబడతాయి. కింది దవడ వేలాడుతుంది, మింగలేదు, సొంగ కారుతుంది. చూసేవారికి అచ్చం గొంతులో ఎముక ఇరుక్కున్నట్టే ఉంటుంది. ప్రేమతో చెయ్యి పెట్టి తీయబోయి రేబిస్ తగిలించుకున్నవారు లోకంలో ఉన్నారు. రేబిస్ వైరస్ ఉండేది ఆ సొంగలోనే. పళ్ళు లోతుగా దిగనక్కరలేదు, గీరుకున్న చర్మానికి సొంగ తగిలినా చాలు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు వైద్యం లేదు. అంతకు ముందే టీకా పడితే మాత్రం దాదాపు పూర్తిగా ఆపవచ్చు.

రాణికి టీకా వేయించారా అని అడిగితే మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి వేయించాం. ఒక్కటి చాలనుకున్నాం. చాలదు. మూడు నెలలు నిండాక మొదటిది, ఆ తరువాత ఏటేటా పశువైద్యులు చెప్పినట్టు వేయిస్తూ ఉండాలి. అందరి కుక్క అయితే ఎవరూ గుర్తు పెట్టుకోరు.

తాత చెయ్యిని వెంటనే కుళాయి కింద పెట్టి, సబ్బుతో గడియారం చూసి 15 నిమిషాలు కడిగించాం. ఎనిమిది గంటలు ఆలస్యమైనా కడగాల్సిందే. ఆ రాత్రే కడిగి ఉంటే ఇంకా మేలు. తరువాత మా డాక్టరు గారు గాయాల చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చి, అదే రోజు టీకా మొదలుపెట్టారు. దండ చేతి కండరానికి ఇచ్చే పద్ధతిలో ఆ మొదటి రోజును 0గా లెక్కపెట్టి 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు ఇంజెక్షన్లు. చర్మం పొరలో ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులా?" అని తాత భయపడ్డాడు. పెద్దలకు ఆ భయం ఇంకా పోలేదు. మేం శిక్షణలో ఉన్న రోజుల్లో అది నిజమే. గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకాను పొట్ట మీద రోజుకొకటి చొప్పున వేసేవాళ్ళం. ఆ రోగులు పొట్ట పట్టుకొని వరుసలో నిలబడటం మాకింకా గుర్తుంది. 2004 చివరికి మన దేశంలో ఆ టీకా తయారీ నిలిపివేశారు. ఇప్పటిది వేరు, భుజానికి వేస్తారు, జ్వరపు సూది కన్నా ఎక్కువ నొప్పి ఉండదు. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తొలి టీకా వేయించిన నాటి నుంచి ఎంతో మారింది. మారనిది ఒక్కటే, ఆలస్యం చేయకూడదు. గాయం మీద కారం, సున్నం, పసరు, కాఫీ పొడి పెట్టుకొని వచ్చేవారిని మేం ఇప్పటికీ చూస్తున్నాం. దయచేసి అవేవీ పెట్టకండి. నీళ్ళు, సబ్బు చాలు.

రాణిని కట్టేసి, ఎవరూ ముట్టుకోకుండా చూసి, ఆటోలో పశువైద్యశాలకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు గారు ముందు దూరం నుంచే చూశారు. ఎన్నాళ్ళ నుంచి, టీకా ఉందా, ఎవరినైనా కరిచిందా, నీళ్ళు మింగుతోందా అని అడిగారు. గ్లవుజులు రెండు జతలు వేసుకొని మత్తు ఇచ్చాకనే నోరు తెరిచారు. పై దవడలో ఒక పక్క నమిలే పన్నుకు, ఇంకో పక్క పన్నుకు మధ్యన, అంగిలికి అడ్డంగా వంతెన వేసినట్టు ఒక ఎముక ముక్క దిగి ఉంది. దాని చుట్టూ అన్నం మెతుకులు, వెంట్రుకలు చిక్కుకొని కుళ్ళిపోయాయి. అంగిలిలో పుండు. నోరు తెరవగానే వచ్చిన కంపుకు, నలభై ఏళ్ళకు దగ్గరగా వార్డుల్లో ఉన్న మేమే ఒకడుగు వెనక్కి వేశాం. పటకారుతో తీసి ట్రేలో వేశారు. మేక కాలి ఎముక, ఉడికినది. ఆదివారం కూరలోని బొక్కలు దానికి వేసేది మేమే.

పది రోజులు దానిని కట్టేసి గమనించమన్నారు. కుక్క, పిల్లి విషయంలో ఈ పది రోజుల లెక్క ఉంది. కరిచిన రోజున సొంగలో వైరస్ ఉంటే ఆ జంతువు పది రోజుల్లోపు జబ్బు పడి చనిపోతుంది. అలాగని పది రోజులు చూసి అప్పుడు టీకా వేయించుకుందాం అనుకోకూడదు. టీకా మొదలుపెట్టి, ఆ పక్కన కుక్కను గమనించాలి. రాణికి ఐదో రోజుకే కంపు పోయింది. మెత్తని అన్నం, పెరుగు తింది. పదకొండో రోజు తోక ఊపుకుంటూ గేటు దగ్గరకు వచ్చింది.

ముక్కు నుంచి తోక దాకా

ఆ తరువాత డాక్టరు గారితో కూర్చొని ఓపికగా అడిగి తెలుసుకున్నవి, మాకు తెలిసినవి కలిపి చెబుతున్నాం. మీ కుక్క ఆరోగ్యంగా, మచ్చికగా ఉండి, టీకాలు సరిగ్గా ఉంటేనే దగ్గరికి వెళ్ళి చూడండి. కొత్తగా సొంగ కారుతుంటే, తీరు మారితే, నడక తూలితే ముట్టుకోకండి. నోరు మాత్రం పెదవి పైకెత్తి బయటి నుంచి చూడటమే, లోపలికి వేలు పెట్టవద్దు.

మేం ఇప్పుడు ఒక చిన్న ఉపాయం పాటిస్తున్నాం. శుభ్రమైన పాత నూలుగుడ్డను ముక్కలుగా కత్తిరించి, ఒక్కో చోటికి ఒక్కో ముక్క వాడతాం. కుడి చెవి మడత, ఎడమ చెవి మడత, చంకలు, వేళ్ళ సందులు, తోక కింద. తుడిచి వేరువేరు కాగితాల మీద పెట్టి, కుక్కకు దూరంగా పోయి ఒక్కొక్కటీ చూస్తాం. కుక్క పక్కన కూర్చొని వాసన చూస్తే ఒళ్ళంతా కంపే అనిపిస్తుంది. గుడ్డలు విడిగా చూస్తే దొంగ దొరుకుతాడు. చేతులు సబ్బుతో కడుక్కోవడం మరువకండి.

నోటి వాసనకు ఎక్కువసార్లు కారణం పళ్ళ పాచి, చిగుళ్ళ జబ్బు. పెద్ద కుక్కకు 42 పళ్ళుంటాయి, మనం మన 32 తోముకుంటాం, దాని 42 ఎవరూ తోమరు. పాచి గట్టిపడి గోధుమ రంగు గారగా మారుతుంది, చిగురు జారి పన్ను వేరులో చీము పడుతుంది. పై దవడ పెద్ద నమిలే పన్ను వేరులో చీము పడితే కంటి కింద వాపు వస్తుంది, దాన్ని కంటి జబ్బనుకొని చుక్కల మందు వేస్తూ ఉంటారు. ముసలి కుక్క బాగా నీళ్ళు తాగుతూ, చిక్కిపోతూ, నోరు మూత్రం వాసన వేస్తే మూత్రపిండాల పరీక్ష చేయించాలి. మనుషుల టూత్‌పేస్టు వాడకండి, అది ఉమ్మలేదు, మింగేస్తుంది.

చెవి రెండో చోటు. కుక్క చెవి గొట్టం మన చెవిలాగా నేరుగా ఉండదు, కిందికి దిగి లోపలికి మలుపు తిరుగుతుంది. వేలాడే చెవులున్న జాతుల్లో, స్నానం చేయించి ఆరబెట్టని వాటిలో తేమ నిలిచి బూజు, సూక్ష్మక్రిములు పెరుగుతాయి. తల విదిలించడం, ఒక పక్కకు వంచడం, గోధుమ రంగు మైనం, పులిసిన వాసన కనిపిస్తాయి. ఇంట్లో మిగిలిన మన చెవి చుక్కలు వేయకండి. లోపల కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని మందులు శాశ్వతంగా చెవుడు తెస్తాయి. పుల్లకు దూది చుట్టి లోపలికి తోయడం కూడా అంతే చెడు.

చర్మం గురించి మేం నేర్చుకున్నది ఇది. ఎంత కడిగినా మూడు రోజుల్లో జిడ్డు, పులిసిన వాసన తిరిగి వస్తుంటే అది మురికి కాదు, జబ్బు. బూజు కావచ్చు, గజ్జి కావచ్చు, ఎలర్జీ వల్ల గోకి గోకి చీము పట్టడం కావచ్చు. కుక్క చర్మం మన చర్మం లాంటిది కాదు, మన సబ్బులు దానికి పడవు. ఒక రకం గజ్జి కుక్క నుంచి ఇంట్లోవారికి కూడా తగిలి కొన్నాళ్ళు దురద పెడుతుంది. తామర కూడా అంటుతుంది. పిల్లల చేతుల మీద గుండ్రని మచ్చలు వస్తే చర్మం డాక్టరుకు కుక్క సంగతి కూడా చెప్పండి.

తోక కింద మలద్వారానికి రెండు పక్కలా, గడియారంలో 4, 8 అంకెలు ఉండే చోట, రెండు చిన్న సంచులుంటాయి. వాటిలోని ద్రవం కుళ్ళిన చేప వాసన వేస్తుంది. మామూలుగా మలంతో పాటు బయటికి పోతుంది. మూసుకుపోతే కుక్క పిర్రలు నేలకు రాస్తూ ఈడ్చుకుంటుంది. చాలామంది దీన్ని నులిపురుగులు అనుకుంటారు. పశువైద్యులు రెండు నిమిషాల్లో పిండేస్తారు. ఇంట్లో మీరు పిండబోతే పగలవచ్చు.

ఆడకుక్కల యజమానులు మాత్రం ఈ ముక్క రెండుసార్లు చదవండి. మా వీధిలో ఒక కుటుంబం వారి పామెరేనియన్‌కు ఎనిమిదేళ్ళు. ఎదకు వచ్చి వెళ్ళి నెలన్నర అయింది. వెనుక నుంచి దుర్వాసన, కొద్దిగా మడ్డి. మళ్ళీ ఎదకు వచ్చిందేమో అనుకున్నారు. గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగింది, తిండి మానేసింది, పొట్ట ఉబ్బింది. గర్భాశయంలో చీము నిండింది. ఎద తరువాత ఒకటి రెండు నెలల్లో, ముఖ్యంగా వయసైన, పిల్లల్లేని కుక్కల్లో ఇది వస్తుంది. ఆపరేషన్ చేసి గర్భాశయం తీసేయడమే అసలు వైద్యం. వాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక మాతో ఆ మాట ఎత్తారు. అప్పటికి ఐదు రోజులైంది. సోమవారం ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించే లోపే చనిపోయింది. ఆ ఇంటి చిన్నపాప ఇప్పటికీ మమ్మల్ని చూస్తే అదే అడుగుతుంది, ముందే చెబితే బతికేదా అని. బహుశా బతికేదని మేం నిజమే చెప్పాం. పిల్లలు వద్దనుకుంటే ముందుగానే ఆపరేషన్ చేయించుకోవడం వల్ల ఈ జబ్బు రాదు.

వీధిలో తిరిగే కుక్కల్లో, ఆడదైనా మగదైనా, మర్మావయవం దగ్గర కాలీఫ్లవర్ లాంటి గడ్డ లేచి రక్తం చుక్కలు, కంపు ఉండటం మీరు చూసే ఉంటారు. అది కుక్క నుంచి కుక్కకు జతకట్టినప్పుడు అంటే గడ్డ. మనుషులకు రాదు. క్యాన్సర్ వార్డుల్లో వాడే విన్‌క్రిస్టిన్ అనే మందే వారానికొకసారి కొన్ని వారాలు ఇస్తే చాలా కుక్కల్లో పూర్తిగా కరిగిపోతుంది.

ఇక వానాకాలంలో పురుగులు పట్టడం. చిన్న గాయం, చెవి అంచు మీద పిడుదు కరిచిన చోటు, వెంట్రుకల కింద మనకు కనబడదు. ఈగ గుడ్లు పెడితే ఒకరోజు లోపలే పురుగులవుతాయి. అవి మాంసాన్ని తొలుచుకుంటూ లోపలికి పోతాయి. కుళ్ళిన మాంసం కంపు వస్తుంది, కుక్క ఒకేచోట నాకుతుంది, మూలన నక్కుతుంది. గ్యాస్ నూనె, ఫినాయిల్, బ్యాటరీ నీళ్ళు పోసిన కుక్కలను మేం చూశాం. పురుగుల కంటే అవే ఎక్కువ కాల్చేస్తాయి, నాకితే విషం. పశువైద్యశాలలో వెంట్రుకలు కత్తిరించి, మందు వేసి పురుగులను బయటికి రప్పించి, ఒక్కొక్కటి ఏరి కడతారు. రెండు మూడు రోజులు వరుసగా చేయించాలి, ఒక్కరోజుతో వదిలేస్తే లోపల మిగిలినవి మళ్ళీ తొలుస్తాయి.

నొప్పికి మన ఇంట్లోని బ్రూఫెన్ వేయకండి. కుక్క కడుపులో పుండ్లు పడి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లి ఉన్నవారు పారాసిటమాల్ అసలు వేయకండి, ఒక్క మాత్రకే చనిపోవచ్చు. ఆవుల కోసం తెచ్చిన పురుగుల సూది మందును అంచనాగా కుక్కకు వేయడం కూడా మా చెవిన పడింది. కొన్ని జాతులకు అది ప్రాణాంతకం.

ఎక్కడ చూపించాలి అంటారా, ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. వరంగల్ పక్కనే మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. వెళ్ళేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద రాసుకొని పొండి: వాసన ఎప్పుడు మొదలైంది, చివరి టీకా ఏ తేదీన, ఆడదైతే ఎద ఎప్పుడు వచ్చింది. మూతికి గాజుగుడ్డ కట్టు కట్టవచ్చు కానీ నోట్లో నొప్పి ఉన్నా, వాంతులవుతున్నా, ఆయాసం ఉన్నా కట్టకండి.

తాత ఐదో ఇంజెక్షన్ మా చేతులతోనే ఇచ్చాం. అదే రోజు రాణికి కూడా టీకా వేయించాం. ఇద్దరి కార్డులూ ఇప్పుడు మా డ్యూటీ రూములో ఒకే మేకుకు వేలాడుతున్నాయి, రాణి కార్డు మీద వచ్చే ఏడాది తేదీ ఎర్ర పెన్నుతో రాసి ఉంది. ఆదివారం బొక్కలు చెత్తడబ్బాలోకే పోతున్నాయి. "పాపం, దానికి రుచి తెల్వకుండ చేస్తిరి" అని తాత మా మీద ఇంకా అలిగే ఉన్నాడు.